విస్కీ, చీజ్ స్టార్టర్లు

విస్కీ, చీజ్ కలిపి చేసే స్టార్టర్లు ఐరోపా, అమెరికా వంటిళ్ళలో భోజనానికి ముందు వడ్డించే చిరువంటకాల్లో ఒక రకం. వెన్నతో మెదిపి చిన్న జాడీకెత్తిన చీజ్ ముద్ద, రొట్టె మీద కరిగించిన చీజ్, ఓట్ల బిస్కెట్ మీద తేనె చుక్కతో బ్లూ చీజ్, చీజ్ కూరిన పుట్టగొడుగులు ఈ కోవలోవి. వీటన్నిటిలో విస్కీ చెంచాల లెక్కనే పడుతుంది. మత్తు కోసం కాదు, వాసన కోసం. మన పప్పుచారులో ఇంగువ చేసే పనే ఇక్కడ విస్కీ చేస్తుంది: ఉన్నట్టు తెలియాలి, పెత్తనం చేయకూడదు. ఈ జోడీని దగ్గరగా చూడాలంటే స్కాట్లాండ్‌కు వెళ్ళాలి. అక్కడ ఈ రెండూ ఒకే పొలం చుట్టూ పెరిగాయి.

బట్టీ, కొట్టం

స్కాట్లాండ్ చలికి ద్రాక్ష పండదు. బార్లీ, ఓట్లు పండుతాయి, గడ్డి ఏపుగా పెరుగుతుంది. బార్లీ నుంచి విస్కీ వచ్చింది, గడ్డి మేసిన ఆవుల నుంచి చీజ్ వచ్చింది, ఆ రెంటికీ అడుగున పెట్టుకునే ఓట్‌కేక్ ఓట్ల నుంచి వచ్చింది. 1494 నాటి స్కాట్లాండ్ రాజ ఖజానా లెక్కల్లో జాన్ కోర్ అనే మఠవాసికి సారం తీయడానికి ఎనిమిది బోల్‌ల (అప్పటి ధాన్యపు కొలత) మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ఇచ్చినట్టు ఉంది. స్కాట్లాండ్‌లో ఇలా సారం తీయడం గురించి దొరికిన తొలి రాతగా దాన్నే చెబుతారు. అప్పటి నుంచి 1823 ఎక్సైజ్ చట్టం దాకా విస్కీ చాలావరకు పల్లె సరుకే. కోత అయ్యాక మిగిలిన బార్లీతో రైతులు చిన్న బట్టీలు పెట్టుకునేవాళ్ళు. వాటిలో ఎన్నో దొంగచాటువి.

బట్టీకీ కొట్టానికీ మధ్య నడిచే సరుకు ఒకటుంది. మాల్ట్‌ను మరపట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, తీపినంతా రాబట్టుకున్నాక పిప్పి మిగులుతుంది. దాన్ని అక్కడ డ్రాఫ్ అంటారు. మాంసకృత్తులూ పీచూ దండిగా ఉన్న ఈ పిప్పిని పశువులు ఇష్టంగా తింటాయి. మల్ దీవిలోని టోబర్‌మోరీ ఊళ్ళో 1798 నాటి డిస్టిలరీ ఉంది. ఊరికి దగ్గర్లోని పొలంలో రీడ్ కుటుంబం 1980ల నుంచి ఆవులను పెంచి, పచ్చిపాలతో ఐల్ ఆఫ్ మల్ అనే చెడ్డార్ రకం చీజ్ చేస్తోంది. వాళ్ళ ఆవుల మేతలో టోబర్‌మోరీ డిస్టిలరీ పిప్పి కూడా ఉంటుంది. ఆ చీజ్ మామూలు చెడ్డార్ కంటే పాలిపోయి ఉంటుంది. కోసి ముక్కు దగ్గర పెడితే గాటుగా, కొద్దిగా పులిసిన వాసన తగులుతుంది. మేతలో పచ్చగడ్డి తగ్గితే పాలలో కెరోటిన్ తగ్గి వెన్న పసుపు పలచబడుతుందన్నది పాడి రైతులకు తెలిసిందే. విస్కీతో వండటానికి చీజ్ ఎంచుకోమంటే నేను మొదట దీని వైపే చెయ్యి చాస్తాను. ఆ రెంటికీ మూలం ఒకే బార్లీ కావడం ఒక కారణమైతే, వేడి తగిలినా గాటు పోకపోవడం ఇంకో కారణం.

స్కాట్లాండ్ చీజ్‌లు

అన్నిటికన్నా పాతదిగా చెప్పుకునేది క్రౌడీ. వెన్న తీసిన పాలను తమంతట తామే పులియనిచ్చి, మెల్లగా వేడిచేసి, విరిగిన ముద్దను గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపితే క్రౌడీ సిద్ధం. పైన కొంచెం మీగడ కలుపుతారు. మనవాళ్ళకు ఇది పరాయి సరుకు కాదు: నొక్కి గట్టిపరచని పనీరులో పుల్ల పెరుగు రుచి ఊహించుకుంటే చాలు. హైలాండ్స్‌లో రాత్రి పాటలూ ఆటలూ సాగే కెయిలీ కూటాలకు ముందు ఓట్‌కేక్ మీద క్రౌడీ రాసుకుని తినేవాళ్ళు, విస్కీ తలకెక్కకుండా ఉంటుందని. ఆ అలవాటులో తర్కం ఉంది. కడుపులో ఆహారం ఉంటే, అందులోనూ మాంసకృత్తులూ కొవ్వూ ఉంటే, ఆల్కహాల్ చిన్నపేగులోకి చేరడం ఆలస్యమవుతుంది, రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. చీజ్ స్టార్టర్‌కు విస్కీ పక్కన చోటు దొరకడానికి రుచి కంటే ముందు ఈ అవసరమే కారణమని నా నమ్మకం.

కాబోక్ మరో తీరు. మీగడతో చేసే ఈ మెత్తని చీజ్‌ను చిన్న దుంగల్లా చుట్టి, వేయించిన ఓట్ల రవ్వలో దొర్లిస్తారు. 15వ శతాబ్దంలో దీవుల ప్రభువైన మెక్‌డొనాల్డ్ కూతురు మారియోటా దీన్ని మొదలుపెట్టిందనీ, ఓట్‌కేక్‌లు మోసిన పెట్టెలో ఒక కాపరి చీజ్ పెట్టడంతో ఓట్లు అంటుకున్నాయనీ ఐతిహ్యం. 1962లో టెయిన్ ఊళ్ళో సుసానా స్టోన్ దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. 1843లో మొదలైన గ్లెన్‌మోరంజీ డిస్టిలరీ కూడా ఆ ఊరిదే. కాబోక్‌కు పాలు విరగ్గొట్టే పశువుల రెన్నెట్ వాడరు కాబట్టి శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. క్రౌడీలో మీగడ కలిపి ఓట్లు, మిరియాల పొడిలో దొర్లిస్తే నల్ల క్రౌడీ అవుతుంది. విస్కీ పక్కన మిరియం ఘాటు ఎంత బాగా కుదురుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

గట్టి చీజ్‌లలో డన్‌లాప్‌కు చరిత్ర ఎక్కువ. మత హింసకు భయపడి ఐర్లాండ్ పారిపోయిన బార్బరా గిల్మోర్ 17వ శతాబ్దం చివర్లో ఐర్‌షైర్‌కు తిరిగొచ్చి, వెన్న తీయని పాలతో చీజ్ చేయడం మొదలుపెట్టిందంటారు. అంతకుముందు అక్కడ వెన్న తీసిన పాల చీజే ఎక్కువ. డన్‌లాప్ మృదువుగా ఉంటుంది, కరిగితే జారుగా వస్తుంది, అందుకే రొట్టె మీద కాల్చడానికి బాగుంటుంది. ఇక బ్లూ రకాల్లో లానార్క్ బ్లూ. లానార్క్‌షైర్‌లో హంఫ్రీ ఎరింగ్టన్ 1980లలో గొర్రెపాలతో, ఫ్రాన్స్ రోక్‌ఫోర్ ధోరణిలో దీన్ని మొదలుపెట్టారు.

ఏ విస్కీ

చట్ట ప్రకారం స్కాచ్ విస్కీ స్కాట్లాండ్‌లోనే తయారై, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ముగ్గాలి. సీసాలో 40 శాతానికి తక్కువ ఆల్కహాల్ ఉండకూడదు. 2009 నిబంధనలు ఈ మాటలనే ఖాయం చేశాయి. వంటకు కావలసింది ఆ పీపా ఇచ్చిన వాసనలే. అమెరికన్ బర్బన్ నింపిన పీపాల్లో ముగ్గిన విస్కీకి వనిల్లా, కొబ్బరి తీపి వస్తాయి. ఇది క్రౌడీ, మేకపాల చీజ్ లాంటి పులుపు, మీగడ రుచులకు తగినది. షెర్రీ పీపాల్లో ముగ్గిన, స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతపు విస్కీల్లో ఎండుద్రాక్ష, అక్రోటు వాసన ఉంటుంది. ముగ్గిన చెడ్డార్‌కు, డన్‌లాప్‌కు ఇవి నప్పుతాయి.

ఐలా దీవి విస్కీల సంగతి వేరు. అక్కడ ఎక్కువగా మాల్టును పీట్ అనే బురదనేల ఇంధనపు పొగతో ఆరబెడతారు. ఆ పొగలోని ఫినాల్‌లు అనే వాసన పదార్థాలు గింజకు పట్టి, బట్టీ దాటి, సీసా దాకా వస్తాయి. లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగవులిన్ ఈ కోవలో పేరున్నవి. పొగ విస్కీకి ఉప్పగా, ఘాటుగా ఉండే బ్లూ చీజ్ జత. లాగవులిన్‌తో రోక్‌ఫోర్ అన్నది చాలాకాలంగా స్థిరపడిన జోడీ. కానీ గ్లాసులో బాగున్నది గిన్నెలో కూడా అంతే బాగుంటుందనుకోవడానికి లేదు. పొగ విస్కీని వంటలో మామూలు కొలతకు సగమే వేయాలి. లేకపోతే చీజ్ రుచి మాయమై కాలిన కర్ర వాసనే మిగులుతుంది. ఒకే డిస్టిలరీలో బార్లీ మాల్ట్‌తోనే చేసిన ఖరీదైన సింగిల్ మాల్ట్ వంటకు వాడటం నాకు నచ్చదు. వేడి తగిలితే దానిలోని సున్నితమైన వాసనలు ముందు ఎగిరిపోతాయి. మాల్ట్, ఇతర ధాన్యాల విస్కీలు కలిపిన మంచి బ్లెండెడ్ స్కాచ్ చాలు. సింగిల్ మాల్ట్‌ను వండని వంటకాల్లో వాడితే డబ్బుకు న్యాయం జరుగుతుంది.

2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయంలో బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్తలు విస్కీలో నీళ్ళు కలిపితే గ్వాయకాల్ అనే పొగవాసన పదార్థం పైపొరకు చేరుతుందని కంప్యూటర్ నమూనాలతో చూపించారు. గ్లాసులో కొద్దిగా నీళ్ళు పోసుకోవడం వెనక ఈ లెక్క ఉంది. చీజ్ ముద్దలో మాత్రం కొవ్వు దండిగా ఉంటుంది. విస్కీలోని చాలా వాసనలు కొవ్వులో ఇట్టే కరుగుతాయి, అక్కడే పట్టుబడి ఉండి, నోట్లో చీజ్ కరుగుతున్నప్పుడు కొంచెం కొంచెంగా విడుదలవుతాయి. అందుకే చీజ్‌లో వేసిన విస్కీ ఘాటు గొంతులో కాక నోట్లో నిదానంగా తెలుస్తుంది.

వేడి చేసే పని

ఈ వంటల్లో పొరపాట్లు చాలావరకు వేడి దగ్గరే జరుగుతాయి. చీజ్ కొవ్వు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. చెడ్డార్ లాంటి వాటిలో మాంసకృత్తుల వల 65 డిగ్రీల ప్రాంతంలో సడలి చీజ్ జారుతుంది. అంతకు మించి కాగితే ఆ వల మళ్ళీ బిగుసుకుంటుంది, నీరూ నూనే బయటికొస్తాయి, మిగిలినది రబ్బరు. మైదా, మొక్కజొన్న పిండి లాంటి గంజి పదార్థం కొద్దిగా ఉంటే బిగుసుకోకుండా అడ్డుపడుతుంది. ప్రాసెస్డ్ చీజ్‌కు ఈ తలనొప్పి లేదు. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ సోడియం సిట్రేట్ కలిపి చీజ్ విడిపోకుండా కరిగించే పద్ధతి కనిపెట్టారు. మన డబ్బా చీజ్, క్యూబులు, స్లైసులు అన్నీ ఆ దారిలో వచ్చినవే. తేలిగ్గా కరుగుతాయి, కానీ విస్కీ పక్కన నిలబడే గాటు వాటికి ఉండదు.

వేడి చేస్తే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుందన్న నమ్మకం సర్వత్రా ఉంది. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే పట్టిక ప్రకారం, మరుగుతున్న దానిలో ఆల్కహాల్ పోసి వెంటనే దించితే 85 శాతం మిగిలే ఉంటుంది. మంట పెట్టి ఫ్లాంబే చేసినా 75 శాతం ఉంటుంది. కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే 40 శాతం, అరగంటకు 35, గంటకు 25, రెండున్నర గంటలు ఉడికాక కూడా 5 శాతం మిగులుతుంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది నిజమే. కానీ నీటితో కలిసినప్పుడు విడిగా ఎగిరిపోదు, నీటిని పట్టుకుని ఉంటుంది. కాబట్టి స్టార్టర్లలాంటి పొట్టి వంటల్లో పోసిన ఆల్కహాల్‌లో పెద్ద భాగం పళ్ళెంలోకి వస్తుందనే అనుకోవాలి.

జాడీ చీజ్

ఈ కుటుంబంలో పెద్దపీట జాడీ చీజ్‌కే వేయాలి. మిగిలిపోయిన ఎండు చీజ్ ముక్కలను వెన్న, మద్యం, మసాలాతో దంచి, పైన వెన్న పొర పోసి దాచుకోవడం ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దానికే ఇంటి పని. 1747లో వచ్చిన హన్నా గ్లాస్ వంటల పుస్తకంలో చెషైర్ చీజ్‌ను వెన్న, కానరీ వైన్, జాపత్రితో దంచే పద్ధతి ఉంది. వైన్ స్థానంలో విస్కీ వేస్తే స్కాట్లాండ్ తీరు. జాపత్రి మాత్రం అలాగే ఉండాలి. విస్కీలోని ఓక్ తీపిని అది ఎత్తి చూపిస్తుంది.

పావుకిలో బాగా ముగ్గిన చెడ్డార్‌ను ఫ్రిజ్ చల్లదనంలో ఉండగానే సన్నగా తురమాలి. తురిమాక మాత్రం అరగంట బయట ఉంచాలి. 75 గ్రాముల ఉప్పులేని వెన్నను తెల్లబడేదాకా గిలకొట్టి, తురుము, అర చెంచా ఆవపొడి, చిటికెడు జాపత్రి పొడి కలపాలి. ఇప్పుడు 30 మిల్లీలీటర్ల విస్కీ, అంటే రెండు టేబుల్‌స్పూన్లు, మూడు విడతలుగా పోస్తూ మెదపాలి. ఒక్కసారే పోస్తే ముద్ద పగిలి, గిన్నె అంచున నీటి వలయం కనిపిస్తుంది. అలా విడిపోతే కంగారుపడక్కర్లేదు, ఇంకాస్త మెత్తని వెన్న వేసి వేళ్ళతో మెదిపితే మళ్ళీ కూడుకుంటుంది. ఉప్పు వేయొద్దు, చీజ్‌లో సరిపోయేంత ఉంటుంది. గాలి బుడగలు పోయేలా జాడీలో అదిమి, పైన కరిగించిన నెయ్యి పలుచగా పోసి, ఫ్రిజ్‌లో కనీసం ఒక రాత్రి ఉంచాలి. చేసిన వెంటనే తింటే పచ్చి ఆల్కహాల్ ముక్కుకు తగులుతుంది. మర్నాటికి ఆ పదును తగ్గి, వనిల్లా, పొగ, అక్రోటు విడివిడిగా తెలుస్తాయి. తినే ముందు అరగంట బయట పెట్టాలి. ఇందులో వేడి లేదు కాబట్టి ఆల్కహాల్ చాలావరకు అలాగే ఉంటుంది: 30 మిల్లీలీటర్లలో 12 మిల్లీలీటర్ల దాకా. పన్నెండు మందికి పంచితే తలా 1 మిల్లీలీటరు దాకా.

వేడి వంటకాలు

రొట్టె మీద కరిగించిన చీజ్‌కు వేల్స్ పేరు ప్రసిద్ధం. హన్నా గ్లాస్ పుస్తకంలో దీనికి స్కాట్లాండ్, ఇంగ్లండ్ రూపాలు కూడా ఉన్నాయి. విస్కీ పద్ధతిలో 25 గ్రాముల వెన్నలో అంతే మైదా వేయించి, 100 మిల్లీలీటర్ల పాలు పోసి చిక్కబరిచి, సన్న సెగ మీద 200 గ్రాముల తురుము కరిగించి, ఆవ ముద్ద కలిపి, పొయ్యి మీంచి దించాకే ఒక టేబుల్‌స్పూన్ విస్కీ వేస్తారు. చల్లారి గట్టిపడ్డాక ఒకవైపు కాల్చిన రొట్టెకు రెండోవైపు పట్టించి, గ్రిల్ కింద మచ్చలు పడేదాకా ఉంచాలి. స్టార్టర్‌గా వడ్డించాలంటే వేలెడంత పట్టీలుగా కోస్తే చాలు.

ఫ్లాంబే నిజంగా పనికొచ్చేది పుట్టగొడుగులకు. కాడలు తీసిన బటన్ పుట్టగొడుగులను వెన్నలో ఎర్రబడేదాకా వేయించి, వాటి నీరంతా ఇగిరాక, కొద్దిగా వెచ్చబెట్టిన విస్కీ రెండు టేబుల్‌స్పూన్లు పోసి అంటిస్తారు. మంట కొన్ని క్షణాల్లో ఆరుతుంది, అడుగున పట్టిన ఎర్రని గసి కరిగి పుట్టగొడుగులకు అంటుకుంటుంది. వాటి గుంటల్లో క్రౌడీ, ఉల్లికాడలు, మిరియాల పొడి కూరి, పైన ఓట్ల రవ్వ చల్లి, 180 డిగ్రీల ఒవెన్‌లో పావుగంట ఉంచితే చాలు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ ఆవిరి 26 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అది మన ఎండాకాలపు వంటింటి వేడి కంటే తక్కువే. కాబట్టి సీసాతో నేరుగా బాణలిలోకి పోయకూడదు, గిన్నెలో కొలుచుకోవాలి. బాణలిని పొయ్యి మీద నుంచి పక్కకు జరిపి పోయాలి. పైన చిమ్నీ ఉంటే దాని జాలీలో జిడ్డు పేరుకుని ఉంటుంది కాబట్టి ఆపేసి, దాని కింది నుంచి తప్పుకోవాలి. మూత చేతికందేలా ఉండాలి. ఇంత జాగ్రత్త వద్దనుకుంటే, మంట లేకుండా ఇగరబెట్టినా రుచిలో పెద్ద తేడా రాదు.

స్కాట్లాండ్ రెస్టారెంట్లలో ఇప్పుడు తరచుగా కనిపించేది హాగిస్ ఉండలు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్లతో కలిపి చేసే హాగిస్‌ను ఉండలుగా చుట్టి, రొట్టె పొడి పట్టించి, నూనెలో వేయించి, విస్కీ మీగడ సాస్‌తో ఇస్తారు. చీజ్ ఇందులో తప్పనిసరి కాదు. ఇక ఓట్‌కేక్, బ్లూ చీజ్, పియర్ పండు ముక్క, పైన మూడు వంతుల తేనెకు ఒక వంతు విస్కీ కలిపిన పాకం చుక్క: దీనికి వంటే అక్కర్లేదు.

ఇతర చోట్ల

స్థానిక మద్యాన్ని స్థానిక చీజ్‌తో కలపడం ఐరోపాలో మామూలే. నార్మండీలో కామెంబర్ పైతొక్క గీకి, యాపిల్ బ్రాందీ అయిన కాల్వడోస్‌లో నానబెట్టి, రొట్టె పొడి పట్టిస్తారు. బర్గండీలో ఎపువాస్ చీజ్ ముగ్గేటప్పుడే ద్రాక్ష పిప్పి సారమైన మార్‌తో పైన కడుగుతారు. స్విస్ ఫోండ్యూలో చెర్రీ సారం కిర్ష్ పడుతుంది. ఐర్లాండ్‌లో పొగ లేని విస్కీలే ఎక్కువ. 1984లో టిప్పరరీలో మొదలైన కాషెల్ బ్లూ లాంటి మెత్తని బ్లూ చీజ్‌కు అవి సరిపోతాయి. అమెరికాలో బర్బన్‌కు కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల మాడ్చిన కొత్త ఓక్ పీపాల్లో ముగ్గాలి. దాని తీపి వేరే దారి తీస్తుంది: చెడ్డార్, బేకన్, ఉల్లి కలిపిన వేడి డిప్‌లు అక్కడి వాడుక.

మన దగ్గర

తెలుగు రాష్ట్రాల బార్లలో విస్కీ పక్కన తినేదాన్ని మంచింగ్ అంటారు, హైదరాబాద్‌లో చక్నా అని కూడా అంటారు. మసాలా పల్లీలు, ఉడికించిన గుడ్లు, చికెన్ 65, అపోలో ఫిష్ దాని రాజ్యం. కారం, నిమ్మ, ఉల్లి ప్రధానమైన ఆ రుచుల్లో చీజ్‌కు చోటు ఈ మధ్యే దొరికింది, అదీ చీజ్ బాల్స్‌గా. విస్కీని వంటలోనే వేయడం ఇంకా కొత్త. మన దగ్గర చవకగా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం ధాన్యం కాదు, మొలాసెస్ నుంచి తీసిన సారం. రంగు, వాసన తర్వాత కలుపుతారు. వాటిని చీజ్‌లో వేస్తే పీపా వాసన రాదు, తీపి ఘాటొక్కటే మిగులుతుంది. బార్లీతో చేసే దేశీ సింగిల్ మాల్ట్‌లు ఈ వంటకు బాగా పనికొస్తాయి. బెంగళూరు అమృత్ 2004లో గ్లాస్గోలో విడుదలైంది. దాని ఫ్యూజన్ రకంలో భారత బార్లీ, స్కాట్లాండ్ పీట్ పొగ పట్టిన బార్లీ కలుస్తాయి. పొగ కావాలి కానీ ఎక్కువ వద్దనుకునే జాడీ చీజ్‌కు అది తగిన పాళ్ళలో ఉంటుంది. గోవా పాల్ జాన్ 2012 నుంచి ఉంది. క్రౌడీ దొరకకపోతే వెన్న తీసిన పాల పెరుగును గుడ్డలో ఒక రాత్రి వేలాడదీసి, ఉప్పు, చెంచాడు మీగడ కలుపుకోవచ్చు. పచ్చిమిర్చి తరుగు, జీలకర్ర పొడి వేస్తే మన నాలుకకు ఇంకా దగ్గరవుతుంది, విస్కీతో పోట్లాడదు. నిమ్మ, చింతపండు మాత్రం వద్దు, ఆ పులుపు ఓక్ వాసనను తినేస్తుంది.

అతిథులకు పెట్టేటప్పుడు ఇందులో విస్కీ ఉందని ముందే చెప్పాలి, జాడీ మీద చీటీ అతికిస్తే ఇంకా మంచిది. పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివాళ్ళకు, మద్యంతో పడని మందులు వాడేవాళ్ళకు ఇవి పెట్టకూడదు. గర్భిణులకు పచ్చిపాల మెత్తని చీజ్‌లు, బ్లూ చీజ్‌లు కూడా వద్దు, లిస్టీరియా భయం ఉంటుంది. చాలా గట్టి చీజ్‌లలో రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసినదై ఉండొచ్చు కాబట్టి శాకాహారులు పెట్టె మీద చూసుకోవాలి. అందరూ తినేలా ఒక జాడీ వేరుగా చేయాలంటే విస్కీ బదులు పొగ పట్టించిన చైనా టీ లాప్‌సాంగ్ సుషాంగ్‌ను చిక్కగా కాచి, చల్లార్చి, అందులో రెండు చుక్కల వనిల్లా కలిపి వాడాలి. ఆ టీలో కూడా గ్వాయకాల్ ఉంటుంది. టీ అంతా నీరే కాబట్టి కొలత సగానికి తగ్గించి, చుక్క చుక్కగా మెదపాలి. అప్పుడే ముద్ద విడిపోకుండా నిలుస్తుంది.